పల్లకీ మోసినోళ్ళు చూసిన కాశీ

శ్రావణమాసం, రెండో శనివారం. గండి వీరాంజనేయస్వామి దర్శనానికి రెండు గంటలు వరుసలో నిలబడి బయటపడ్డాక, మా చిన్నాయనా నేనూ పాపఘ్ని ఒడ్డున ఒక బండ మీద కూలబడ్డాం. వేంపల్లె నుంచి ఇక్కడికి ఆటోలో పావుగంట. కొండను నది రెండుగా కోసుకుని పోయిన చోటు గనక గండి అన్నారు. చిన్నాయన బొరుగుల పొట్లం విప్పి ఇద్దరికీ మధ్యన పెట్టాడు.

మా ఇంట్లో విదేశం చూసినవాళ్ళం మేమిద్దరమే. ఆయన 1988లో, ఇరవై రెండేళ్ళ వయసులో కువైట్ పోయి, యుద్ధం తరిమేసిన రెండేళ్ళు తప్ప 2012 దాకా ఒకే ఇంట్లో డ్రైవరుగా చేశాడు. నేను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి, బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ, దాచుకున్న డబ్బుతో వీపున సంచీ తగిలించుకుని మొన్ననే మూడు వారాలు వియత్నాం తిరిగొచ్చాను. ఆయన అన్నవి ఆయన మాటల్లోనే రాస్తున్నాను. నాకు జవాబు దొరకని చోట్లు కూడా దాచలేదు.

చిన్నాయన: మీయమ్మ చెప్పింది. టూరిస్టులు పోని పల్లె యాడుందా అని ఎతుక్కుంటా పొయ్యినావంట గదా. అట్లాంటిది ఎందుకురా నీకు?

నేను: అందరూ చూసేది చూసేదానికి అంత దూరం పోవాల్నా చిన్నాయనా? హనోయ్‌లో ఒక సందుంది. ఇండ్ల గడపలకు తగిలేంత దగ్గర్లో రైలు పోతుంది. రైలొచ్చే టైముకు కాఫీ అంగళ్ళ ముందర జనమంతా ఫోన్లు ఎత్తుకుని నిలబడతారు. ఆ ఇండ్లల్లో ఉండేవాళ్ళు ఎట్ల నిద్రపోతారో ఎవరికీ పట్టదు. నాకు అది నచ్చలా. రాత్రి బస్సెక్కి, చైనా సరిహద్దున ఉండే హా జాంగ్ కొండలకు పొయ్యి, మోంగ్ తెగవాళ్ళ ఇంట్లో నాలుగు దినాలుండా.

చిన్నాయన: ఏం చూసినావు?

నేను: ఇసుర్రాయి. నవ్వొద్దు. ఆ కొండల్లో మట్టి కంటే రాయి ఎక్కువ. రాతి సందులో పిడికెడు మట్టి కనపడితే అక్కడ నాలుగు మొక్కజొన్న గింజలు పెడతారు. ఆ గింజల పిండిని ఆవిరి మీద ఉడికిస్తారు, మెన్ మెన్ అంటారు. పొడిపొడిగా ఉంటుంది. ఆ ఇంటి జేజి తెల్లారకముందే ఇసుర్రాయి కాడికి వస్తుంది. మన దాని మాదిరి కాదు. పై రాతికి పొడుగాటి కొయ్య, దాని కొసన అడ్డకట్టె. నిలబడి ముందుకు తోసి వెనక్కి లాగాల. ఒకరు తోస్తాంటే ఇంకొకరు కన్నంలో గింజలు పొయ్యాల. నేను తోస్తానంటే ఆమె నా చేతికిచ్చింది. పది చుట్లకే రాయి ఎదురు తిరిగి ఆగిపోయింది. ఆమె నోరంతా తెరిచి నవ్వి, నా చెయ్యి మీద తన చెయ్యేసి, ఎంతదాకా తొయ్యాల, ఎక్కడ రవంత వదలాల అని చూపించింది. వదలాల్సిన చోట వదలకుంటే రాయి తిరగదు. ఒక్క మాట కూడా తెలియకుండానే అది నాకు అర్థమైంది. మూడు వారాల్లో చూసిన వియత్నాం అంతా ఒక ఎత్తు, ఆ పొద్దు ఒక ఎత్తు.

చిన్నాయన: బాగుంది. లెక్క ఇచ్చినావా ఆమెకు?

నేను: ఇచ్చినా. బయల్దేరే పొద్దు మనవడు చీటీ రాసిచ్చినాడు, పడకకింత, తిండికింత అని. చూడంగానే మనసు చివుక్కుమనింది. అంతకుముందు దినమే దారిలో ఒక కనుమ మలుపులో చిన్నచిన్న ఆడపిల్లల్ని చూసినా. వాళ్ళ తెగ గుడ్డలు కట్టుకుని, వీపున పూలబుట్టలు పెట్టుకుని నిలబడి ఉండారు. ఫొటో తీస్తే చెయ్యి చాపుతారు. ఆ పూలు ఏ ఇంటికీ పోయేవి కావు. చీటీ చూసినాక, ఈ జేజి నవ్వు గూడా అట్లాంటిదేనా అని అనుమానం వచ్చింది.

చిన్నాయన: ఆ పిల్లలు వేరు, ఈమె వేరు. బడిలో ఉండాల్సిన బిడ్డను రోడ్డు మీద నిలబెట్టే లెక్క చెడ్డది, ఇయ్యకూడదు. ముసలామె నీకు కూడు పెట్టింది, పరుపేసింది. ఆమె లెక్క తీసుకోకపోతే నువ్వు సుట్టమైనట్టు. సుట్టమైతే రేపు ఆ మనవడి పెండ్లికి పోవల్ల, ఆ ఇంట్లో ఎవరన్నా పోతే పలకరించేదానికి పోవల్ల. పోతావా? పోవు. అది వానికీ తెలుసు. అందుకే చీటీ రాసిచ్చినాడు, మర్యాదస్తుడు.

ఆ చీటీని నేను అట్లా ఎప్పుడూ చూడలేదు. ఆయన అంతటితో వదల్లేదు.

చిన్నాయన: గండికోటకే రా. శనాదివారాలు బెంగుళూరు పిల్లోళ్ళు వచ్చి గుడారాల్లో పండుకుంటారు. అసలైన పల్లెకూడు కావాలంటారు. రాగిసంగటి, నాటుకోడి. అది వండిపెట్టే ఆడమనిషి ఇంట్లో ఆ పూట అన్నం, చారు. ఆమె తినే అన్నం దొంగదా? మనం దినామూ సంగటి తినకపోతే కడపోళ్ళం కాకుండా పోతామా? జలాశయం చూసి అబ్బ ఎన్ని నీళ్ళు అంటారు. ఆ నీళ్ళ కోసం 2020లో తాళ్ళప్రొద్దుటూరోళ్ళు ఇండ్లూ వాకిండ్లూ వదులుకుని లేచిపొయ్యినారు. ఆ ఊరు ఏమైందని అడిగినోడుంటే వాడు నిజంగా మన సీమను చూసినోడు. సంగటిలో ఏముండాదిరా?

నేను: ఇట్లాంటి మాటే అమెరికాలో డీన్ మెకానెల్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో రాసినాడు. వచ్చినోళ్ళకు ముందు గది చూపిస్తే చాలదంట, వెనక గది చూడాలంటారంట. అడుగుతాండారు గదా అని ఊరోళ్ళు ఒక గదిని సర్దిపెట్టి, ఇదే మా వెనక గది అని చూపిస్తారంట. అదే 1973లోనే వీలర్ దంపతులు ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా చవగ్గా పోయే దారి గురించి చిన్న పుస్తకం వేసినారు. లోన్లీ ప్లానెట్ అట్ల మొదలైంది. నా మాదిరి సంచీలోళ్ళు శానామంది ఆ పుస్తకాల ఎంబడి పోయినోళ్ళే.

చిన్నాయన బొరుగులు నములుతూ నది వైపు చూశాడు.

చిన్నాయన: వెనక గది సంగతి నాకు చెప్తావేందిరా? నేనుండిందే వెనక గదిలో.

నేను ఏమీ అనలేకపోయాను. పుస్తకంలో ఆ మాట చదివినప్పుడు మా ఇంటి మనిషే ఆ గదిలో ఇరవై ఏళ్ళు పడుకున్నాడని నాకు తట్టనేలేదు.

చిన్నాయన: ఆ కువైటోళ్ళ ఇంటికి ముందర పక్క దివానియా. మగోళ్ళు కూర్చుని మాట్లాడుకునే సావిడి. వెనక పక్క, గ్యాసు బండ్ల పక్కన నా గది. ఎవరు ఎవరితో పలకరో, ఏ బిడ్డ చదవడో, ఎవరికి చక్కెర రోగమో అన్నీ తెలుసు. ఆ ఇంటి ముసలామెను ప్రతి బేస్తవారం మాపటేల సముద్రం ఒడ్డుకు తీసకపోతాంటి. కారు దిగేది కాదు. అద్దం దించుకుని నీళ్ళు చూస్తాండె. వాళ్ళ నాయన ముత్యాలకు మునిగేవాడంట. ముక్కుకు బిళ్ళ బిగించుకుని, కాలికి రాయి కట్టుకుని. భూమిలో నూనె పడకముందు వాళ్ళ కూడు అదే. అంగట్లో ఏది కొన్నా ఆమె దీనారు అనేది కాదు, రుపియా అనేది. ఎందుకో చెప్పు.

నేను: కువైట్లో 1961 దాకా రూపాయలే చెల్లినాయి గదా.

చిన్నాయన: నువ్వు చదివినావు. నేను ఆమె నోట విన్నా. మీ రుపియాతోనే నా పెండ్లి జరిగిందిరా అనేది. ఆ మాట కోసం నేను ఎతుక్కుంటా పోలేదు. ఏండ్ల తరబడి స్టీరింగు పట్టుకుంటే అదే వచ్చి చెవిన పడింది. పనుండి పోయినోనికే ఊరు తెలుస్తాది.

ఈ మాటకు మా జిల్లాలోనే ఒక సాక్ష్యం ఉంది. అప్పుడు బయటపెట్టలేదు, ఇక్కడ చెప్పడం న్యాయం. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చాడు. లోయ అందం చూడ్డానికి కాదు, గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన సరుకును ముందుగా అతని సేనాని మీర్ జుమ్లాకు చూపడానికి. కోటను గెలిచి మీర్ జుమ్లా అప్పటికి ఎంతో కాలం కాలేదు. అతని డేరాలో తావెర్నియే చూసింది ఇదీ: మీర్ జుమ్లా వట్టి కాళ్ళతో కూర్చుని, కాలివేళ్ళ సందుల్లో, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు దోపుకుని, ఒక్కొక్కటే లాగి జవాబులు చెబుతుంటే ఇద్దరు రాయసగాళ్ళు రాసుకుంటున్నారు. మూడువందల డెబ్బై ఏళ్ళు దాటినా ఆ కాలివేళ్ళు మనకు కనబడతాయి. కోట చూసిపోదామని వచ్చినవాణ్ణి ఆ డేరాలోకి ఎవరు రానిస్తారు?

అయినా చిన్నాయన మాటను మొత్తంగా మింగలేకపోయాను.

నేను: ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ ఇరవై ఏండ్లు నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండె?

చిన్నాయన: ఆ ఇంటి యజమాని బాబా దగ్గర. బీరువాలో.

నేను: నువ్వు యాడికన్నా పోవాలనుకుంటే?

చిన్నాయన: అడగల్ల.

నేను: అడిగినావా?

చిన్నాయన: మీ చెల్లెలు పుట్టినప్పుడు అడిగినా. రెండేండ్ల గడువు కాలేదన్నారు. పాపను పద్నాలుగో నెలలో చూసినా. నన్ను చూసి ఏడ్చింది.

నేను: నువ్వు ఆ ఇంటిని లోపలి నుంచి చూసినావు, సరే. బయటికొచ్చే తలుపు నీ చేతిలో లేదు గదా. హా జాంగ్‌లో ఆ కట్టె నేను ఇష్టపడి పట్టుకున్నా, చాలనుకున్నప్పుడు వదిలినా. నా పాస్‌పోర్టు నా సంచీలో ఉండె. మన వీధిలో పుట్టి, అప్పు చెయ్యకుండా, ఏజెంటు చుట్టూ తిరగకుండా, ఫోన్లో ఈ-వీసా తీసుకుని, కూలికి కాకుండా ఊరికే ఒక దేశం చూసేదానికి పోయినోళ్ళు నా వయసోళ్ళకు ముందు ఎవరుండారు? దాన్ని పనిలేని తిరుగుడు అంటే నేను ఒప్పుకోను. మా జేజి కాళ్ళు అరిగేలా చీనీతోటల్లో పని చేసిందీ, నువ్వు ఆ గదిలో పండుకుందీ ఇట్లాంటి దినం వస్తాదనే గదా.

చిన్నాయన: కాదన్నానా? పో, తిరుగు. పోయి ఏం కనపడింది అని అడుగుతాండా.

నేను: మన ఊరు కనపడింది. హా జాంగ్‌లో డోంగ్ వాన్ అనే పీఠభూమి ఉంది. 2010లో ప్రపంచ జియోపార్కుల్లో చేర్చినారు. అక్కడి రాళ్ళ గురించి రాసిన బోర్డు చదువుతాంటే గుర్తొచ్చింది, మన చుట్టుపక్కల సున్నపురాతికి భూగర్భ శాస్త్రంలో పేరు వేంపల్లెనే. 1872లో విలియం కింగ్ ఈ కడప రాళ్ళ మీద రాసిన పుస్తకంలో మన ఊరి పేరు పెట్టినాడు. సుమారు 190 కోట్ల ఏండ్ల కిందట సముద్రంలో కంటికి కనపడని జీవులు పొరలు పొరలుగా కట్టిన గుర్తులు వాటిలో ఉండాయి. ఇడుపులపాయలో ఆరేండ్లుండా. ఆ బండల మీద కూర్చుని ఫోను చూసుకున్నానే గానీ, బండను చూళ్ళేదు.

చిన్నాయన: ఇంటి ముందర రాయి చూసేదానికి వియత్నాం పోవల్సి వచ్చిందా?

నేను: వచ్చింది. దగ్గరుంటే కనపడదు. మన్రో దొర కథ నువ్వే గదా చెప్పినావు నాకు.

ఆ కథ గండికి వచ్చే ప్రతి పిల్లవాడికీ ఎవరో ఒకరు చెబుతారు. రాముడు ఈ దారిన వస్తాడని వాయుదేవుడు రెండు కొండలకూ బంగారు తోరణం కట్టాడట. అది మామూలు కళ్ళకు కనిపించదు. 1827లో మద్రాసు గవర్నరుగా ఈ దారిన పోతున్న థామస్ మన్రో తల ఎత్తి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. పక్కనున్నవాళ్ళకు ఏమీ కనిపించలేదు. అది కనబడినవాడికి ఎక్కువ రోజులుండవని ఒక ముసలాయన లోలోపల అనుకున్నాడట. ఇది జనం చెప్పుకునే మాట. చరిత్రలో ఉన్నది ఇంతే: ఆ ఏడాది జూలై 6న పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయాడు.

నేను: చూడు, ఈడ పుట్టినోళ్ళు ఎంతమందో ఉండగా బయటోనికి కనపడింది.

చిన్నాయన: బయటోడా? 1800 నుంచి ఏడేండ్లు ఈ జిల్లాలకు కలెక్టరు. డేరాల్లో ఉంటా, గుర్రం మీద ఊరూరూ తిరిగి, చేను చేనూ చూసి శిస్తు కట్టించినాడు. అన్నేండ్లు పని చేసినోనికి కనపడక, దినం తిరిగిపోయేవానికి కనపడతాదా?

మన్రో బయటివాడా, ఇంటివాడా అనేది మేము తేల్చుకోలేదు. నేను ఇంకా బయటివాడనే అంటాను.

ఎండ పడమటి కొండ మీదికి వాలింది. కింద పిల్లలు నీళ్ళలో చెప్పులు వదిలి వాటి వెంట పరిగెత్తుతున్నారు. చాలాసేపటికి చిన్నాయనే మాట కలిపాడు.

చిన్నాయన: నేనూ ఒకసారి సంచీ తగిలించుకుని తిరిగినాలే. 1990. ఆగస్టు 2న ఇరాకు సైన్యం దిగింది. నెల పైన అట్లే ఉండా. సెప్టెంబరులో బస్సు దొరికింది. బాబా బీరువా తీసి పాస్‌పోర్టు చేతికిచ్చినాడు. ముసలామె ఉడకబెట్టిన గుడ్లు, ఖర్జూరాలు తువ్వాల్లో మూటగట్టి ఇచ్చింది. బస్రా, బాగ్దాదు, ఆనక అంతా ఎడారి. జోర్డాన్ సరిహద్దులో గుడారాలు. అమ్మాన్‌లో విమానమెక్కి బొంబాయి, ఆడ మద్రాసు రైలెక్కి ఎర్రగుంట్లలో దిగినా.

ఆ రెండు నెలల్లో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులు అట్లా ఇల్లు చేరారు. ఎయిర్ ఇండియా 488 సార్లు తిరిగింది. ఈ అంకెలు నాకు తెలుసు. మా చిన్నాయన బాగ్దాదు మీదుగా వచ్చాడని మాత్రం ఆ రోజే తెలిసింది.

నేను: బాగ్దాదులో ఏం చూసినావు?

చిన్నాయన: నది. టైగ్రిస్ అని చెప్పినారు. బస్సు వంతెన మీద ఆగింది. కింద ఒకడు గాలమేసి చేపలు పడతాండె. ఇంత జరుగుతాంటే వీడు చేపలు పడతాండాడే అనుకున్నా. దిగిపొయ్యి వాని పక్కన రవంతసేపు కూర్చోవాలనిపించింది. బస్సు కదిలింది.

నేను: నేను పోయింది అందుకే చిన్నాయనా. ఆ బస్సు దిగేదానికే.

చిన్నాయన ఏమీ అనలేదు. పొట్లంలో మిగిలిన బొరుగులు నా వైపు జరిపాడు.

నేను: కువైట్లో ఏమన్నా ఊరికే చూసినావా? పని కాకుండా?

చిన్నాయన: ఫైలకా అని దీవి ఉండాది. అలెగ్జాండరు తర్వాత గ్రీకోళ్ళు కట్టిన గుడి పునాదులు ఉండాయంట. దాంట్లో ఊరుండె. 1990లో సైన్యం జనాన్ని వెళ్ళగొట్టింది. మళ్ళీ వచ్చి కాపురం పెట్టినోళ్ళు తక్కువ. బాబా వాళ్ళను పడవ దాకా దింపి, వాళ్ళు తిరిగొచ్చేదాకా కారులో ఉంటాంటి. మూడుసార్లు పొయ్యినా, ఆ పడవ రేవు దాకా.

నాకు వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి, మన కడప మీదుగానే అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడవునా స్నేహితుడికి రాసిన ఉత్తరాలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఏ ఊర్లో ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ దిగడానికి నీడ ఉందో రాసుకున్నాడు. తెలుగులో ప్రయాణం చేసి రాసేవాళ్ళందరికీ ఆయన పెద్దదిక్కు. ఇదంతా చిన్నాయనకు చెప్పి, వీరాస్వామయ్యకు మాత్రం అక్కడ ఏం పని ఉంది, చూడాలనే పోయాడు కదా అన్నాను.

చిన్నాయన: ఎట్ల పొయ్యినాడు?

నేను: పల్లకీలో. పెద్ద పరివారం.

చిన్నాయన: మోసినోళ్ళు?

నేను: బోయీలు.

చిన్నాయన: వాళ్ళూ కాశీకి పొయ్యొచ్చినారు గదరా. వాళ్ళేం రాసినారు?

నేను: వాళ్ళు రాయలేదు.

చిన్నాయన: రాయకపోతే చూళ్ళేదనా? ఏ దారి ఎత్తు, యాడ పల్లం, ఏ ఊరి బావినీళ్ళు ఉప్పు, భుజం కాయలు కాసినోనికి తెలిసినంత లోపల కూర్చున్నాయనకు తెలుస్తాదా? చూసే ఉంటారు. ఇంటికొచ్చినాక ఏం చూసినావని అడిగినోళ్ళు ఉండరు. నేను దిగినప్పుడు గూడా ఎంత తెచ్చినావనే అడిగినారు. బాగ్దాదులో ఏం చూసినావని ఇన్నేండ్లకు అడిగింది నువ్వే.

ముప్పై అయిదేళ్ళు. నేను పుట్టినప్పటి నుంచీ ఆయన ఇల్లు మా పక్కిల్లే. సెలవుకు వచ్చినప్పుడల్లా నేను అడిగింది చాక్లెట్ల డబ్బా. మోంగ్ జేజి ఇసుర్రాయి కోసం మూడు విమానాలు, ఒక రాత్రి బస్సు మారినవాణ్ణి, గోడ అవతలి మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. వేంపల్లెలోనే కాదు, రాయచోటి, రాజంపేట వైపు ఏ వీధికి పోయినా ఇట్లాంటి మనిషి దొరుకుతాడు. చేతిపుస్తకాల్లో లేని అరబ్బు ఇళ్ళు, వంటగదులు, ఎడారి దారులు వాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. వాళ్ళను యాత్రికులని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఇది నన్ను ఇప్పటికీ నొప్పిస్తోంది.

పొద్దు గుంకే ముందు లేచాం. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ చిన్నాయన ఆగాడు.

చిన్నాయన: నా పాస్‌పోర్టు గడువు ఎప్పుడో అయిపొయ్యింది. మళ్ళీ తీసుకోవాలంటే ఏమేం కావల్ల?

నేను: పాతది ఉంటే చాలు, ఆధారు ఉండాది గదా. మిగతాది నేను చూస్తా. యాడికి?

చిన్నాయన: ఫైలకాకు. పడవెక్కి.

నేను: నేనూ వస్తా.

చిన్నాయన: రా. నీ టికెట్టు నువ్వు కొనుక్కో. నాది నేను కొనుక్కుంటా.